నౌక ఏడ్చిన ఎపిసోడ్

(శుక్రవారం మధ్యాహ్నం. మాదాపూర్‌లో ఒక ఆఫీసు ఫుడ్ కోర్టు. పెళ్ళయి ఇరవై రోజులైన జశ్వంత్, దేవిశ్రీ. కాసేపటికి జశ్వంత్ టీంలోని కిరణ్ పాల్.)

"చెప్తానండీ. ఒక్కసారి చెప్పేసి ఊరుకుంటాను."

"వద్దు దేవీ. ఇవాళ్టికి వద్దు."

"మీరంతా 'ఏడో కక్ష్య' తెలుగు డబ్బింగులోనే కదా చూసేది? ఆ సిరీస్‌లో అంతరిక్ష నౌక ఏడ్చే ఎపిసోడ్‌కి గొంతిచ్చింది నేనే అంటే మీ టీంలోని కిరణ్ గారు ఎగిరి గంతేస్తారు. అబ్బ, ఈ కుర్చీ తిరుగుతుందండోయ్!"

"తిప్పకు, అందరూ చూస్తున్నారు. వాడికి నీ ఎపిసోడంటే... పడదు."

"తెలుసులెండి. ఆ క్లిప్పు నేను చూడలేదా? నౌక ఏడుస్తుంటే వెనకాల కుక్కర్ విజిళ్ళు. ఎవడు చేశాడో గానీ, ఆ వారం నుంచే స్టూడియో వాళ్ళు నన్ను పిలవడం మానేశారు. మూడేళ్ళయింది. ఇన్నిసార్లు చూసిన ఫ్యాన్స్‌లో ఒక్కరు 'బాగానే చెప్పావమ్మా' అంటే చాలండీ, సోమవారమే వెళ్ళి మళ్ళీ పని అడుగుతాను."

"వాడొచ్చేస్తున్నాడు. ప్లీజ్, దేవీ."

"నమస్తే వదినా! నేను కిరణ్ పాల్. ఏందిరా జస్సీ, వదినకి ఉత్త చాయేనా?"

"చాలండీ. కప్పు చూడండి, ఎంత బుజ్జిగా ఉందో!"

"గట్లనే నవ్వుతుండండి, ఇప్పుడు పరీక్ష ఉంది. మా గ్రూపుల చేరాలంటే ఒక బెస్ట్ ఎపిసోడ్, ఒక వరస్ట్ ఎపిసోడ్ చెప్పాలె. తప్పు చెప్తే టేబుల్ తుడవాలె."

"అదేం రూలురా, కొత్త మనిషికి..."

"నువ్వాగు. బెస్ట్?"

"'ఉప్పు గ్రహం'."

"ఉప్పు గ్రహమా! కెప్టెన్ పొద్దంతా తవ్వుతనే ఉంటడు గదా!"

"ఆ తవ్వే చప్పుడులోనే ఉందండీ భయమంతా. చివరికి గుక్కెడు నీళ్ళు దొరికితే, తను తాగకుండా శత్రువుకిస్తాడు. నేను మూడుసార్లు చూశాను, మూడుసార్లూ నాకే దాహమేసింది."

"వామ్మో! జస్సీ, నీ కన్నా నయం రా. నువ్వేమో 'అద్దాల అమావాస్య' అంటవ్. అండ్ల కథేది?"

"ఫైటింగ్ ఉంది కదరా."

"ఫైటింగంట! సరే వదినా, వరస్ట్?"

"'తొమ్మిదో గది'. శత్రువు తిన్నగా తలుపు తీసుకుని లోపలికొచ్చేస్తాడు. అంత పెద్ద నౌకకి ఒక్క గొళ్ళెం లేదా?"

"తప్పు! తుడవండి టేబుల్! వరస్ట్ ఒక్కటే, దానికి ఓటింగ్ గూడ అక్కర్లే. 'ఆఖరి శ్వాస'. నౌక ఏడుస్తది చూడండి, అది."

"ఒరేయ్, ఇక తిందాం రా."

"ఆగురా. అది కంప్యూటర్, వదినా! పైలట్ పిల్లగాడు చచ్చిపోతుంటే 'నాయనా, నాయనా' అనుకుంట గుండెలు బాదుకుంటది. ఎవరామె? మైకు ముందల ఉల్లిగడ్డలు కోసిందా ఏంది?"

"నౌకకి పెదాలుండవు కదండీ, మాట కలపక్కర్లేదు. అలాంటప్పుడు స్టూడియోలో తెర మీద బొమ్మ వెయ్యరు. కాగితం చేతికిచ్చి, 'నీ ఎదురుగా పిల్లాడు పోతున్నాడు, చెప్పు' అంటారు. అది నౌకని ఆమెకెవరూ చెప్పలేదేమో. తల్లి అనుకుందేమో."

"తెల్వకపోతే అడగాలె! గంత బుర్ర లేనామెకి మైకెవడిచ్చిండు? జస్సీ, నువ్వు చెప్పు."

"నేనేం చెప్పను."

"అరే! రోజూ శురూ చేసేదే నువ్వు గదరా."

"చెప్పండి. నాకూ వినాలనుంది. ఆమె అంత చెత్తగా చెప్పిందా?"

"చెత్తని కాదు... అంటే... బాలేదులే. బాలేదు దేవీ, వదిలెయ్."

"బాలేదా."

"మర్యాదకి గిట్ల అంటుండు, వదినా. ఆ ఏడుపుకి కుక్కర్ విజిళ్ళు కలిపి ఒక క్లిప్పు వచ్చింది, చూసిన్రా? దేశమంతా పడి పడి నవ్వింది. అది చేసిందెవరనుకున్నరు? మీ ఆయనే!"

"కిరణ్!"

"ఏందిరా? పెండ్లాం ముందల సిగ్గా? విజిల్ కోసం వాళ్ళమ్మతోని రెండుసార్లు పప్పు ఉడకబెట్టించిండు, వదినా. అంత పట్టుదల."

"దేవీ, అప్పుడు అది నువ్వని నాకు తెలీదు."

"నువ్వంటే...? వదినా, మీరా?"

"నేనేనండీ. లేవకండి, కూర్చోండి. చాయ్ చల్లారిపోతుంది."

"సారీ వదినా... జర ముందు చెప్పాలె గదరా జస్సీ!"

"నిజం దేవీ. పెళ్ళయ్యాక నువ్వు చెప్తేనే తెలిసింది. అమ్మ మీద ఒట్టు."

"పెళ్ళిచూపుల్లో నేను మొదటిసారి నోరు తెరిచి, 'మంచినీళ్ళు కావాలాండీ' అన్నానో లేదో, నా గొంతు వినగానే మీరు పగలబడి నవ్వారు. ఆ నవ్వు చూసే కదండీ, నేను ఒప్పుకున్నది."