పూడిపోయిన చిల్లులు

2004లో ఒక ఉదయం, తుర్కపల్లిలోని ఒక ప్రయోగశాల. కంపెనీ క్యాబ్ దిగిన పరిశోధకురాలు నేరుగా ఎలుకల గదికి వచ్చింది. వాటికి మేత వేసే ఎల్లేష్ అప్పటికే అక్కడ తల గోక్కుంటున్నాడు.

"ఎల్లేష్ గారూ, కొత్త ఎలుకల చెవులకి చిల్లులు పెట్టలేదేంటి?"

"పెట్టిన మేడం. ఒకదానికి ఎడమ చెవికి, ఇంకోదానికి కుడి చెవికి, ఒక్కోదానికి ఒక్కో తీరుగ, మీరు జెప్పినట్టే."

"మరి ఏవీ? ఆ చిల్లుల్ని బట్టే కదా ఏది ఏ నంబరో తెలిసేది! ఇరవై ఎలుకల్లో ఒక్కదానికీ లేదు."

"నేను గూడ పొద్దుగాల్నుంచి పరేషాన్ల ఉన్న. నెల కింద నా చేతులతోనే పెట్టిన."

"పూడిపోయినా మచ్చన్నా ఉండాలిగా. తడిమి చూడండి, ఎంత నున్నగా ఉందో. బొచ్చు కూడా వచ్చింది."

"గదే సమజైతలేదు."

"మర్చిపోయానంటే సరిపోయేది కదండీ. ఇప్పుడు పైవాళ్లకి నేనేం రాయను? మీ ఉద్యోగం ఏమవుతుంది?"

"అబద్ధమెందుకు జెప్త మేడం? చిల్లు పెట్టేటప్పుడు ఒకటి కరిస్తే మీరే సూది ఇప్పించిన్రు, యాదికున్నదా?"

"అవును... ఇప్పించాను."

"గిదిగో నా బొటనేలు. కరిసిన మచ్చ ఇంక పోలే. ఒక్క దినమే ఇద్దరికీ గాయమాయె. నాకు మచ్చ పడ్డది, దానికెందుకు పడలే?"

"నాకూ తెలీదు. ఆ చిల్లులు పెట్టే పట్టకారు తీసుకురండి, మళ్లీ పెట్టి పూడుతుందేమో చూద్దాం. ఈసారి ఎలుకని నేను పట్టుకుంటాను."

"మల్ల కరుస్తది మేడం."

"కరవనివ్వండి."