పైకి కనిపించే గుండీలు

తోడల్లుడి ఇంట్లో మధ్యాహ్న భోజనం చేసి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇల్లు చేరారు. ఆయన ఇంకా చెప్పులైనా విప్పలేదు.

"నకిలీ అని చెప్పాను కదా, మళ్ళీ దాని ఊసెందుకు?"

"నేనెత్తలేదండీ. బస్సు దిగిన దగ్గర్నుంచీ మీరే ఎత్తుతున్నారు. ఇది నాలుగోసారి."

"నాలుగోసారైతే నాలుగోసారి. నకిలీయే. నూటికి నూరు పాళ్ళు."

"సరే. చెప్పులు విప్పండి."

"ఆ కోటు తొడుక్కుని బండి కడుగుతున్నాడే! మిలటరీ కోటు! మోచేతుల దాకా సబ్బు నురగ!"

"నకిలీదేగా. కడుక్కోనివ్వండి."

"అదే... నకిలీదే అనుకో. అయినా పద్ధతంటూ ఒకటుంటుంది కదా."

"మా మరిది సంగతి తెలిసిందేగా. ఒంటి మీద ఏముందో చూసుకోడు."

"పైగా నీ చెల్లెలు పక్కన నిలబడి, 'మా ఆయనకి ఎంత నప్పిందో చూశారా బావగారూ' అని నన్నడుగుతుంది. నన్ను!"

"నప్పింది మరి. అతనికి భుజాలున్నాయి."

"నాకు లేవా?"

"ఉన్నాయండీ. కాస్త లోపలికున్నాయి."

"చూడు, ఈ ఇంట్లో నలభై మూడు కోట్లున్నాయి. సైన్యాలు వాడి వదిలేసినవి, ఇరవై ఏళ్ళుగా ఒక్కొక్కటీ పోగేశాను. ఏది ఎప్పుడు కుట్టారో, ఏ జేబు ఎందుకక్కడ పెట్టారో కళ్ళు మూసుకుని తడిమి చెప్తాను. వాడు నిన్నమొన్నటి దాకా కాలరుకీ కఫ్ఫుకీ తేడా తెలియనివాడు."

"ఆ నలభై మూడింటికీ బీరువాలు చాలక నా చీరలు అటకెక్కాయి. కలరా ఉండల వాసనకి మనం ముందుగదిలో పడుకుంటున్నాం. నేనేమన్నా అన్నానా?"

"ఇప్పుడన్నావుగా."

"పోనీ, నకిలీ అని ఎలా కనిపెట్టారో చెప్పండి."

"గుండీలు. పైకి కనిపిస్తున్నాయి. జేబులకీ, ముందు పట్టీకీ కూడా. అసలు కోటుకి వాటి మీద మూతలాగా ఇంకో పట్టీ ఉంటుంది, ఒక్క గుండీ కనపడదు. అదే చెప్పాను వాడికి. పాపం, మొహం మాడిపోయింది."

"ఊఁ."

"ఏంటి ఊఁ?"

"ఏం లేదు. మా మేనత్త తుంటి విరిగి ఆస్పత్రిలో ఉన్నప్పుడు..."

"ఇప్పుడావిడ సంగతెందుకు?"

"ఆవిడ మంచం పక్కన కూచుని గంటన్నర చెప్పారు మీరు. కదిలే వీల్లేక విన్నది పాపం. అడవుల్లో యుద్ధానికని మొదటి ఏడాది కుట్టిన కోట్లకి గుండీలు పైకే ఉండేవి, తీగల్లో, ముళ్ళకంపల్లో చిక్కుకుంటున్నాయని సిపాయిలు గోల పెడితే ఆ తర్వాత మూత కుట్టారు అని. ఆ మొదటి రకం ఒక్కటి దొరికితే జన్మ తరించినట్టే అని కూడా అన్నారు. ఆవిడ, 'దొరుకుతుందిలే నాయనా, కాస్త నర్సుని పిలు' అంది."

"అది... అది వేరే కోటు."

"భుజాల మీద పట్టీలు కూడా ఆ మొదటి రకానికే అన్నారు. ఎందుకూ పనికిరావని తర్వాత తీసేశారట. మా మరిది కోటుకి భుజం పట్టీలున్నాయి."

"నువ్వెందుకు చూశావు?"

"కళ్ళున్నాయి కనక. ఏవండీ, అది నకిలీయా?"

"మంచినీళ్ళివ్వు."

"ఇస్తాను. నకిలీయా?"

"కాదు."

"ఆఁ?"

"కాదు, కాదు, కాదు! అసలుది! మొదటి రకం! ఛాతీ మీద జేబులు ఏటవాలుగా, చెయ్యి సూటిగా దిగేలా! నడుం దగ్గర బిగించుకునే పట్టీలు! లోపల విషవాయువు చొరకుండా గుండె మీద అడ్డంగా కుట్టిన గుడ్డ! ఉక్కపోతకి దాన్ని ఎంతమంది కత్తిరించి పారేశారో. దీనికి అదీ ఉంది! నేను బొమ్మల్లో తప్ప చూడలేదు. వాడికి... వాడికి ఊరికే దొరికింది!"

"అందుకని నకిలీ అన్నారు."

"నోట్లోంచి వచ్చేసింది."

"'పరిశీలించాలి, ఓ వారం నా దగ్గరుంచు తమ్ముడూ' అని కూడా వచ్చేసింది. 'బదులుగా నా కొత్త స్వెట్టరు తీసుకో' అని కూడా వచ్చేసింది."

"విన్నావా?"

"వంటింటి కిటికీ వరండాలోకేగా."

"చూడు, నాకేం కుళ్ళు కాదు."

"కుళ్ళని నేనన్లేదు."

"వాడి చేతిలో అదేమైపోతుందో అని బాధ, అంతే. ఎక్కడిదిరా అంటే చెప్పడు. నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండిపోయింది నాకు. రేపు పాతబట్టల అంగళ్ళన్నీ గాలిస్తాను. ఒకటి దొరికిన చోట రెండోది ఉండకపోదు."

"గాలించండి. ఈలోగా చెల్లెలు ఫోన్లో ఏం పెట్టిందో చెప్పనా?"

"ఏం పెట్టింది?"

"నకిలీదని బావగారే తేల్చేశాక ఇంకెందుకని, దాని చేతులు కత్తిరించి పొట్టి చేతులది చేస్తానంటున్నాడట."

"చేతులా!"

"కత్తెర వెతుకుతున్నాడట."

"ఫోనియ్యి! ఇటియ్యి ముందు!... తమ్ముడూ! తమ్ముడూ, కత్తెర కింద పెట్టు!... ఏ కత్తెరేంటి, నీ చేతిలోది!... పడుకున్నావా?... సరే, లేవకు, లేవకు. విను. ఆ కోటుంది చూడు, అది... ఇందాక మీ వరండాలో వెలుతురు సరిపోలేదు తమ్ముడూ... ఆఁ, మిట్టమధ్యాహ్నమే. అయినా నీడ పడింది."

"నీడ కాదు. సరిగ్గా చెప్పండి."

"అది అసలుదే తమ్ముడూ. గుండీలు పైకి ఉంటేనే మొదటి రకం. తెలిసే అబద్ధం చెప్పాను... అబ్బే, వయసైపోయి కాదు. కుళ్ళు. ఆఁ, కుళ్ళే. మళ్ళీ చెప్పించకు, మీ వదిన వింటోంది... ఇంక దాన్ని తడపకు. మడిచి పెట్టకు, తగిలించు... ఇప్పుడైనా చెప్పు, ఎక్కడ దొరికింది?... మళ్ళీ నవ్వుతావేం?... ఎవర్నడగాలి?... నా పక్కనున్న మనిషినా?... హలో? హలో?"

"పెట్టేశాడా?"

"పెట్టేశాడు. కత్తెరా లేదు, ఏమీ లేదు. హాయిగా నిద్రపోతున్నాడు."

"అలాగా. అయితే నాకే అలా తోచిందేమో."

"నిన్నడగమన్నాడు. నిన్నెందుకడగాలి? ఏ అంగడో నీకు తెలుసా?"

"తెలుసు. బస్టాండు వెనక, మూటలు విప్పి కుప్ప పోస్తారే, అక్కడ. ముందు గుండీలు చూశాను, తర్వాత భుజం పట్టీలు చూశాను. లోపల తడిమితే ఆ గుడ్డ కూడా ఉంది. నాకే గుండె దడదడలాడింది. మన పెళ్ళిరోజుకి మీకని కొన్నాను."

"నాకా! మరి వాడి ఒంటి మీదకెలా వెళ్ళింది?"

"ఉతికి మన పెరట్లో దండెం మీద ఆరేశానండీ. చూసి ఎగిరి గంతేస్తారని ఆరినా తియ్యలేదు. పదకొండు రోజులు, పూటకోసారి దాని కింద నుంచి వంగి వెళ్ళి, లోపల కూచుని పుస్తకంలో దాని బొమ్మే చూసుకున్నారు. పన్నెండో రోజు మొహానికి తగులుతోందని విసుక్కుని, ఆ పచ్చగుడ్డ ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు."