మొగిలమ్మకు వచ్చింది గ్యాసు కాదు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మా కరస్పాండెంట్ సుందర్ రావు గారికి, వేదిక మీది పెద్దలకు, ఇన్నేళ్లూ నన్ను భరించిన తోటి ఉపాధ్యాయులకు, పిల్లల తల్లులకు నమస్కారం. లిదియా టీచరుకు ఎంత ఓర్పో అని ఇంతసేపూ పొగిడారు. నాకు ఓర్పు ఉందని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. (నవ్వులు) ఈ రోజు కూడా లేదు. నవ్వడం అయ్యాక వినండి.

మన బడిలో డ్రిల్లు టీచరుగా పనిచేసిన మొగిలమ్మ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నెక్కొండ నుంచి రోజూ రైల్లో వచ్చేది. చిన్న వయసులోనే భర్త పోతే, అన్న సారయ్య ఇంట్లో ఉంటూ చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న మనిషి. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో, వయసు నలభై అయిదు దాటాక, ఆమె మధ్యాహ్నం టిఫిను సగం కూడా తినకుండా మూత పెట్టేయడం మొదలైంది. ఏమైందని అడిగితే, "రెండు బుక్కలు తినంగనే గొంతుదాంక నిండినట్టయితాందక్కా" అంది. పొత్తికడుపులో సలుపు, ఊరికే మూత్రానికి పరుగు, మనిషి చిక్కిపోతుంటే లంగా బొందు మాత్రం బిగుతు. వాళ్ల ఊరి డాక్టరు గ్యాసని గోలీలిచ్చాడు. ఇంకొకాయన ఈ వయసులో ఆడవాళ్లకు ఇంతేనన్నాడు. అలా నెలలు గడిచాయి.

ఆ తర్వాత రోగం పేరు చెప్పింది డాక్టర్లు కాదు, స్టాఫ్ రూమ్. భర్త లేని మనిషికి కడుపెట్లా పెరిగిందని గుసగుసలు. ఆ మాటలన్నవారు కొందరు ఇప్పుడు ముందు వరసలోనే ఉన్నారు, పేర్లు చెప్పను. సుందర్ రావు గారూ, మీరు నొచ్చుకున్నా సరే, పిల్లల తండ్రులు అడుగుతున్నారంటూ ఆమెను సెలవు పెట్టి వెళ్లమన్నది మీరు. ఊళ్లో అన్న తలుపు వేసుకున్నాడు. ఆమె ట్రంకుపెట్టెతో మా ఇంటికొచ్చి, "నీకు సుత అనుమానమున్నదా అక్కా?" అని అడిగింది. ఆమె చేత ఆ ప్రశ్న అడిగించిన వాళ్లను తలుచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడే పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. పరీక్షలయ్యాక లేడీ డాక్టరు నన్ను పక్కకు పిలిచి, అండాశయంలో క్యాన్సర్ గడ్డ అని, కడుపులో నీరు పట్టిందని చెప్పింది. "ఆకలి మందగించినప్పుడే తీస్కొస్తే ఆపరేషన్ తోటి ఏమన్న చేద్దుము" అంది. ఆ వానకాలం దాటకముందే మొగిలమ్మ మా ఇంట్లోనే కన్నుమూసింది. ఇక్కడ, ఇదే హాల్లో సంతాప సభ పెట్టి ఆమె శీలాన్ని పొగిడారు. గడ్డ అని తేలాక పొగిడారు. ఒక ఆడమనిషి మంచిదని ఒప్పుకోవడానికి ఆమె చావాలా?

డాక్టరమ్మ చెప్పిన సంగతులు పదో తరగతి పిల్లలకు చెబితే, తెలుగు పాఠంలో ఆ రోత మాటలేమిటని నా మీద ఫిర్యాదులు. అందుకే ఇప్పుడు తల్లులకే చెబుతున్నాను. కడుపు ఉబ్బరం, కొంచెం తినగానే నిండిపోవడం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం, ఇవి కొత్తగా మొదలై రెండు మూడు వారాలైనా వదలకపోతే చూపించుకోండి. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపిస్తే అసలే ఆగొద్దు. చాలాసార్లు అది క్యాన్సర్ కాకపోవచ్చు. కాదని తేల్చవలసింది డాక్టరు, ఇరుగుపొరుగు కాదు.

నిరుడు మన హాస్టల్లో వంట చేసే యాకమ్మ ఇలాంటి బాధే చెబితే, నెల తిరక్కుండా తీసుకుపోయాను. అదీ ఆ గడ్డే. చిన్నగా ఉండగానే తీసేశారు. అదుగో, గోడ పక్కన కూర్చుంది. తల దించుకోకు యాకమ్మా, నువ్వు దాచుకోవలసిన పని ఏమీ చేయలేదు. (చప్పట్లు)

రేపటి నుంచి నాకు బడి లేదు. దవాఖానకు తోడెవరూ లేరని మీలో ఎవరూ ఆగిపోవద్దు. మా ఇల్లు స్టేషన్ వెనకే. తలుపు తట్టండి, చెప్పులేసుకుని వచ్చేస్తాను. ఇంతసేపు కోపం విన్నందుకు కృతజ్ఞతలు. సెలవు.