వెచ్చని గుడ్డ

హలో… ఆ, అక్కనేరా చిన్నోడా, చెప్పు. గట్టిగా మాట్లాడు, ఇక్కడ లాండ్రీలో ఇస్త్రీ యంత్రాల మోత… ఉండు, బయటికొస్తా… ఆ, ఇప్పుడు చెప్పు. అమ్మ ఎలా ఉంది?

నిద్రపోతోందా! నిజంగా?… అబ్బ, ఎన్నాళ్ళకిరా! మాయదారి రోగం ఎముకల్లోకి పాకాక కంటిమీద కునుకు పడనిచ్చిందా అమ్మకి… ఆ… ఆ… పడుకోనీ. నువ్వు ఏమన్నా తిన్నావా?

ఎవరు, బాబాయా? వచ్చి కూర్చున్నాడా?… ఏంటీ, అమ్మ వీపుకి అంటించే నొప్పి పట్టీ ఒకటి తన మోకాలికి అంటించమంటున్నాడా? వద్దని చెప్పు… ఒరేయ్, అది తలనొప్పికి రాసుకునే తైలం కాదు. డాక్టరు అమ్మని చూసి అమ్మకని రాసిన మత్తుమందు. ఒకరిది ఇంకొకరికి వేస్తే మనిషి మళ్ళీ లేవడు… ఒక్కటే కదా అంటున్నాడా? ఒక్కటి చాలు నాయనా, పాడె కట్టడానికి! కుదురుగా కూర్చోమను.

అమ్మకి కడుపు కదిలిందా?… ఇవాళా లేదా? ఆ పట్టీ మందుతో మలబద్ధకం తప్పదని నర్సు ముందే చెప్పింది. లేచాక ఆ విరేచనమయ్యే మందు ఇవ్వు, మర్చిపోకు.

ఏంటా చప్పుడు?… గురకా? అమ్మదా?… అమ్మకి గురకెప్పుడుందిరా? నాన్న గురక పడలేక పక్కగదిలో పడుకునేది కదా… నవ్వకు. ఆగు. ఫోన్ అమ్మ ముక్కు దగ్గరికి తీసుకెళ్ళు. నన్ను విననీ…

…

ఒరేయ్. అమ్మని లేపు.

ఇప్పుడే పడుకుందని తెలుసురా. లేపమంటున్నానా!… పిలువు… పలకట్లేదా? భుజం పట్టి కుదుపు. చెంప మీద తట్టు… గట్టిగా… ఊఁ అని మళ్ళీ వాలిపోతోందా?… కనురెప్ప ఎత్తి చూడు. కంటి మధ్య నలుపు ఎంతుంది?… ఆవగింజంతా…

దేవుడా. మత్తు ఎక్కువైతే నలుపు అలా చిన్నదైపోతుందని నర్సు చెప్పింది.

మాత్రలు ఏమన్నా ఎక్కువ వేశావా? నిద్రమాత్ర?… లేదు. పాత పట్టీ పీకకుండా కొత్తది—… అవును, నిన్న నేనే మార్చాను. మరేంటి? దుప్పటి తియ్యి. వీపు మీద ఏముందో చూడు.

గుడ్డా? ఏం గుడ్డ?

…ఇస్త్రీపెట్టెతో కాచి… పొద్దుట్నుంచా? చల్లారినప్పుడల్లా మార్చి మార్చి పెట్టావా?… పట్టీ మీదేనా?… నొప్పి అక్కడే కదా అంటావేంట్రా!

పట్టీకి వేడి తగలకూడదని నర్సు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది కదరా! వేడికి మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోతుందని!… ఏమన్నావ్?… వేడినీళ్ళ సంచీ వద్దంది కానీ గుడ్డ వద్దనలేదా…

అమ్మే అడిగిందా.

…అడుగుతుంది. అడగదా మరి? కాలు బెణికినా, జలుబు చేసినా మనింట్లో ఇస్త్రీబల్ల మీద కాచిన గుడ్డేగా. దాన్ని కూడా వేడి అంటారని మనకి తట్టదు… సరే. ఏడవకు. తర్వాత ఏడుద్దాం ఇద్దరం. ముందు ఆ గుడ్డ తీసి అవతల పారెయ్. పట్టీ అంచు పట్టుకుని పీకెయ్. జిగురు వైపు వేళ్ళు పెట్టకు… పీకావా? జిగురు లోపలికి మడిచి పక్కన పెట్టు. అక్కడ చన్నీళ్ళతో తుడువు. ఉత్త నీళ్ళే, సబ్బు వద్దు.

ఫోన్ పెట్టకు! బాబాయ్ ఫోన్‌లోంచి అంబులెన్స్‌కి చెయ్. నొప్పి పట్టీ మీద కాపడం పెట్టామని, మనిషి లేవట్లేదని ఉన్నదున్నట్టు చెప్పు. సిగ్గుపడి ఏదీ దాచకు… వస్తున్నారా? బాబాయ్‌ని సందు మొదట్లో నిలబడమను… మోకాలు నొప్పా? పాక్కుంటూ వెళ్ళమను!

అమ్మని పక్కకి తిప్పు. గడ్డం కాస్త పైకెత్తు… కాఫీ వద్దు, గీఫీ వద్దు. నోట్లో చుక్క పొయ్యకు, మింగలేదు, పొరపోతుంది. పెదాలు ఎలా ఉన్నాయి?… నీలంగానా…

ముక్కు దగ్గర చెయ్యి పెట్టు. ఊపిరి తీసిందా?… ఇప్పుడు?… ఇప్పుడు?… పలకరా!… తీసిందా. హమ్మయ్య. చెవిలో గట్టిగా చెప్పు, "అమ్మా, ఊపిరి పీల్చు" అని. వింటుంది. చెప్తే పీలుస్తుంది… ఆ, మళ్ళీ చెప్పు… మళ్ళీ… ఆపకు.

నేను రోడ్డు మీదే ఉన్నా, పరిగెత్తుతున్నా. ఒక్క బండీ ఆగి చావట్లేదు…

లేదు. నువ్వు చంపలేదు. ఆ మాట ఇంకోసారి అన్నావంటే పళ్ళు రాలగొడతా. అమ్మ మెలికలు తిరిగిపోతుంటే చూడలేక చేశావు. అడిగింది అమ్మ. నేనున్నా కాదనేదాన్నా?… ఏమో. కాదనేదాన్నో లేదో. నాతో మాటలొద్దు, అమ్మని పిలువు.

వచ్చారా! తలుపు బార్లా తియ్యి. పట్టీ చూపించు, అంతా చెప్పు… ఏమంటున్నారు?… విరుగుడు సూదా? వెయ్యమను మరి… ఏంటి?… వేస్తే పట్టీ మందు పనిచెయ్యదా… నొప్పంతా ఒక్కసారిగా తిరిగొస్తుందా…

…

కొంచెం కొంచెంగానే ఎక్కిస్తారట కదా… అయినా వస్తుందా.

నన్నెందుకురా అడుగుతావు?… వెయ్యమను. అక్క చెప్పిందని చెప్పు. పాపమైతే నాకే తగలనీ. వెయ్యమను!

…

చిన్నోడా?… ఏమైందిరా?… చిన్నోడా?

వినిపిస్తోంది. నాకూ వినిపిస్తోంది. అమ్మేనా అది?… చెవులు మూసుకోకు. అరవనీ. అరుస్తోందంటే ఊపిరుంది. నా గుండె మాత్రం తరుక్కుపోవట్లేదా… అరవనీరా.

ఏమంటోంది?… ఫర్వాలేదు, చెప్పు… "హాయిగా పడుకున్నదాన్ని ఎందుకు లేపావురా" అందా.

ఫోన్ అమ్మ చెవి దగ్గర పెట్టు. పెట్టు అన్నానా.

అమ్మా… నేనమ్మా, పెద్దదాన్ని. వాణ్ణేమీ అనకు. వాడు నిన్ను పడుకోబెట్టాడు, లేపించింది నేను… ఆ, నేనే… తెలుసమ్మా. నీకెంత నొప్పో తెలిసే లేపించా. నువ్వు పోతే తట్టుకోలేక లేపించా, ఇంకే కారణమూ లేదు… తిట్టు. తల్లీ, ఇంకా తిట్టు, వింటున్నా…

ఎవరూ?… నువ్వా. బండెక్కిస్తున్నారా? నువ్వూ ఎక్కు. నేను తిన్నగా ఆసుపత్రికే వస్తా… మందు ఇంకా ఒంట్లో ఉంటుందా? మళ్ళీ మత్తులోకి జారొచ్చన్నారా? అయితే దారంతా మాట్లాడిస్తూనే ఉండు. నొప్పని ఏడ్చినా, నిన్ను శపించినా, కాళ్ళావేళ్ళా పడినా సరే… అమ్మని మాత్రం నిద్రపోనివ్వకురా. పెట్టేస్తున్నా.