పత్తిచేలో నల్లవాళ్ళ కవిత

అయ్యలారా, అమ్మలారా, ఎండలో పల్లెల నుంచి నడిచొచ్చారు. కోవిల్‌పట్టిలో రైలెక్కి ఈ విరుదునగరం పఠనమందిరంలో సంతాపసభకు చేరారు. మీరూ అలసిపోయారు, నేనూ అలసిపోయాను. మా బావ గోవిందరాజ్‌ను జ్వరం తీసుకుపోయింది. మా అక్క పట్టమ్మాళ్ ఇదిగో ఎదురుగా కూర్చుని ఉంది.

ఆయన ఎవరు? నల్లరేగడిలో పత్తి పండించిన రైతు. మీలో చాలామందికి అంతే తెలుసు. ఆయన కవిత్వం చదివే మనిషి.

పత్తి ధర కూలిపోయిన ఏడు, బేళ్ళతో తూత్తుకుడి రేవుకు వెళ్ళాడు. వాన పట్టుకుంది. ఓడలో వంట చేసే ఒక అమెరికా నల్లమనిషి, ఈయన ఒకే కొట్టంలో తలదాచుకున్నారు. హైస్కూల్లో నేర్చిన ఇంగ్లీషుతో మా బావ అతన్ని పలకరించాడు. విడిపోయేటప్పుడు అతను ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. బానిసలుగా అమ్ముడుపోయిన వాళ్ళ మనవలూ మనవరాళ్ళూ రాసిన కవితలు అవి.

ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే ఒక కవిత చదివేవాడు. చదివి కాసేపు ఊరికే కూర్చునేవాడు. తర్వాతే ఎడ్లు కట్టేవాడు. ఎందుకని అడిగాను. "మొగం రోజూ కడుగుతామే. లోపల మాత్రం ఒకతూరి కడగొద్దా?" అన్నాడు.

ఒకరోజు చేలో పత్తి తీసేవాళ్ళకు ఒక కవిత మన మాటల్లో చెప్పాడు. ఎవరి పొలంలోనో పత్తి తీసే తల్లి, పొద్దుగూకేవేళ తన చేతుల్ని చూసుకుని, ఇవి నావేనా అని అడిగే కవిత. కూలీలు విన్నారు. వాళ్ళలో కాళియమ్మాళ్ ఒక్కమాట అడిగింది. "సామీ, ఆయమ్మకు దప్పికైతే నీళ్ళు ఎట్ల పోస్తారు? దూరంగా నిలబెట్టి దోసిట్లోకేనా?"

మన చేలల్లో మనం వాళ్ళకు పోసేదీ అట్లాగే కదా.

ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు నీళ్ళకుండ చేను నడుమ దించాడు. ఎవరికి వాళ్ళు ముంచుకుని తాగారు. అదే చెంబుతో, వాళ్ళ వెనక, ఆయన తాగాడు.

తర్వాత జరిగింది మీకు తెలుసు. మనవాళ్ళు బంతిలో ఆయనకు ఆకు వేయలేదు. పెళ్ళికి పిలవలేదు, చావుకు పిలవలేదు. పెద్దలు మా అక్కను పుట్టింటికి పొమ్మన్నారు. ఆమె గడప దాటలేదు. "ఆయన తాగిన నీళ్ళే నేనూ తాగినా. నన్నూ వెలెయ్యండి" అంది.

కుండ మాత్రం చేను నడుమే ఉండింది. ఏటికేడూ ఉండింది.

జ్వరంలో నా చేయి పట్టుకుని అన్నాడు: "అలుపుగా ఉండాది సుబ్బురాజూ. ఆ నల్లోళ్ళు ఇంకెంత అలిసిపోయుంటారో. ఐనా రాసినారు."

ఆయన పాడె ఎవరు మోశారు? మనవాళ్ళలో నేనొక్కణ్ణి. మిగతా మూడు కొమ్ములూ పత్తి తీసే చేతులే పట్టాయి.

ఇక మౌనం పాటించాలి. దానికి ముందు వాకిలి వైపు చూడండి. కాళియమ్మాళ్, ఆమె మనుషులు సభ మొదలైనప్పటి నుంచీ బయట ఎండలోనే నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

అమ్మా కాళియమ్మాళ్, అందరూ లోపలికి రండి. అయ్యలారా, చాపల మీద కొంచెం జరగండి. ముందు వాళ్ళు కూర్చోవాలి. కూర్చున్నాక, అందరం కలిసి లేచి నిలబడదాం.