టర్కీ కోడికి అరగంట విశ్రాంతి

మా అక్క యెమీమా ఉంది చూశారూ, దాని కోడికూర ముందు నా వంట దేనికీ పనికిరాదు. ఈ మాట నేనింతవరకూ నోరు తెరిచి అన్లా. పోయిన క్రిస్మస్‌కి మా ఇంటికొచ్చి వండి పెట్టింది. సంఘపెద్ద ఏలియాగారు ఎముకలు కూడా వదల్లేదనుకోండి. అందరి ముందూ నన్ను "నీకు కారం దంచడం తప్ప ఏం తెల్సే కెజియా" అంది. అప్పట్నుంచీ దానికీ నాకూ మాటల్లేవు. ఈసారి మా అత్త నవోమమ్మ ఏమందంటే, పండక్కి సంఘపెద్దల భోజనం నువ్వే వండు, కుదర్లేదా, కొత్త సంవత్సరానికి మీ అక్కనే పిలిపిస్తా అంది. ఇంక నాకు కంటి మీద కునుకుంటే ఒట్టు.

ఒంగోల్లో పాత పుస్తకాల బండి మీద ఇంగ్లీషు వంటల పుస్తకం కొన్నా. పండక్కి టర్కీ కోడంట, బొమ్మలో నిగనిగలాడతా ఉంది. ఇంగ్లీషు నాకెవరూ చెప్పలా, నాకు నేనే కూడబలుక్కున్నా. అట్టాగే మా అత్తకి చదివి వినిపించా. కోసేముందు పక్షికి అరగంట విశ్రాంతి ఇవ్వాలి, పైన వదులుగా కప్పాలి, కదిలించకూడదు అని. "దానికి విశ్రాంతెందుకే, నాట్లేసొచ్చిందా" అంది మా అత్త. నాకూ అనుమానమే, కానీ అచ్చులో ఉందాయె. పండగ పొద్దున, సంతలో కొనుక్కొచ్చిన టర్కీ కోడికి కాళ్ళు కట్టి, వసారాలో నులకమంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాం. మా ఆయన తీతు విసనకర్రతో విసిరాడు కూడా. నవ్వితే నేను చెప్పనంతే.

ఏమైందంటే, నేను పెరట్లో ఉల్లిపాయలు తరుగుతన్నా, ఏలియాగారు చర్చి గుడికి పోతా పోతా వసారాలోకి తొంగిచూశాడంట. ఎవరికమ్మా బాగోలేదు అన్నాడంట. కోడిని పడుకోబెట్టామని మా అత్త ఎట్టా చెబుద్ది? ఆయన దుప్పటి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నాడంట. లోపల్నించి అది గొబగొబమందంట. "పాపం, మూలుగుతోంది" అని ఇంకాస్త పొడిగించాడంట. అంతటితో ఆగాడా, గుళ్ళో మైకు పట్టుకుని, నవోమమ్మగారింట్లో రోగి కోసం అందరూ మోకాళ్ళూనండి అన్నాడంట.

ఊరంతా ప్రార్థన చేశాక ఇంక దాని పీక మీద కత్తెవరు పెడతారు? మా అత్త కత్తి దాచేసింది, తీతు కాళ్ళ కట్టు విప్పేశాడు. మధ్యాన్నం పెద్దలొచ్చారు. ఒకరి చేతిలో బ్రెడ్డు, ఒకరి చేతిలో అరటిపళ్ళు. ఎట్టా ఉందమ్మా అంటే మా అత్త ఏమందో తెలుసా? "నయమేనండీ, పెరట్లో తిరగతంది." వాళ్ళ బ్రెడ్డే వాళ్ళకి టీతో పెట్టాం. "పండగనాడు కూడా ఉపవాసమా, ఏం భక్తమ్మా మీది" అన్నాడు ఏలియాగారు, రెండో ముక్క ముంచుకుంటా.

తర్వాత నిదానంగా చదివితే తెల్సింది, కొయ్యడమంటే పీక కొయ్యడం కాదంట, కాల్చినాక ముక్కలు కొయ్యడమంట. పుస్తకం మంచిదే, దాన్నేమనను. కొత్త సంవత్సరం ఎదురుగా ఉంది, మా అత్తేమో కళ్ళజోడు వెతుక్కుంటంది, మా అక్క నెంబరు నొక్కడానికి. అత్త పిలిస్తే నేను ఓడిపోయినట్టు. నేనే పిలిచి, వచ్చి నేర్పవే అంటేనో? నవ్వుద్ది, సంక్రాంతి దాకా నవ్వుద్ది. నవ్వనీ. ఆ ఫోనిట్టా అందించండి, నేనే చేస్తా.