ఎడమ చెవి సాక్ష్యం

పంపా నది ఇసుకలో మూడు రోజులుగా సువార్త సభలు జరుగుతున్నాయి. ఈ పూట సాక్ష్యం చెప్పాల్సిన ఉమ్మచ్చన్ ఇంట్లో తెల్ల జుబ్బా తొడుక్కుంటున్నాడు. భార్య శోశమ్మ శొంఠి కాఫీ కలుపుతోంది. పాస్టరుగారి జీపు రావడానికి ఇంకా కాస్త టైముంది. ఆ కాస్త టైమే కొంప ముంచింది.

“బిన్సి వస్తుందా రాదా? ఒక్క ముక్కలో చెప్పు.”

“గొంతు బొంగురుగా ఉంది. ముందు కాఫీ తాగండి అచ్చాయా.”

“నేనడిగేదేంటి, నువ్వు చెప్పేదేంటి? కూతుర్ని పక్కన నిలబెట్టుకుని సాక్ష్యం చెబుతానని పాస్టరుగారికి మాటిచ్చాను. పోస్టర్లు కూడా వేశారు. కుటుంబ సమేతంగా అని వేశారు.”

“పోస్టరు వేయించే ముందు దాన్ని అడిగారా?”

“కన్న తండ్రిని, నేను అడగాలా?”

“పెళ్లయి వెళ్లాక ఈ గడప తొక్కని పిల్ల. అడగాలి మరి.”

“అందుకేగా నిన్ను చెంగన్నూరు దాని ఇంటికి పంపింది! పొద్దుననగా వెళ్లినదానివి, ఇప్పుడా రావడం? ఏం చేశావక్కడ?”

“మనవరాలికి జడ వేశాను. మొదటిసారి వేశాను. అచ్చం బిన్సి జుట్టే, చేతిలో నిలవదు, జారిపోతా...”

“శోశమ్మా!”

“వస్తానంది.”

“స్తోత్రం! ఆ ముక్క ముందే చెప్పి చావచ్చుగా. గుండె ఆగినంత పనైంది.”

“ఊరికే రానంది.”

“ఊరికే రాకపోతే? చీరా? తెల్లచీర లేకపోతే నీది ఒకటి ఇయ్యి.”

“చీర ఉంది. చెవిపోగులు తియ్యనంది.”

“ఏంటీ?”

“బంగారం పెట్టుకునే వస్తానంది.”

“వేదిక మీదకా? మతుండే అందా? మన సంఘంలో ఒక్క ఆడమనిషి ఒంటి మీద గురిగింజంత బంగారం ఉందా? నువ్వు తియ్యలేదూ? బాప్తిస్మం రోజున మెడలో మిన్ను తాళి కూడా తీసేశావే!”

“తీశాను. పెళ్లినాడు కట్టింది మీరు, ఆ రోజు తియ్యమన్నదీ మీరే. మధ్యలో మెడ మాత్రమే నాది.”

“అదంతా పాత జీవితం. పాతది తవ్వకు.”

“సరే, నా మెడ సంగతి వదిలేయండి. దాని చెవి సంగతి చెబుతున్నా. ‘ఆ ఎడమ చెవి పోగు పెట్టుకోవడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదమ్మా, అది కూడా తీసేయాలా’ అంది.”

“కాఫీలో బెల్లం తక్కువైంది.”

“రోజూ వేసేంతే వేశాను.”

“తక్కువైందంటే తక్కువైంది. సర్లే. కొంగు తల మీదుగా కప్పుకుంటే పోగులు కనబడవు. పాస్టరుగారికి నేను చెప్పుకుంటా. అంతేగా?”

“అంతే కాదు. ఇంకోటుంది.”

“ఇంకోటా? కన్నతండ్రి పిలిస్తే రావడానికి ఇన్ని బేరాలా?”

“ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్పమంది.”

“ఏ రోజు?”

“ఏ రోజో మీకు తెలీదా?”

“చెబుతూనే ఉన్నాగా! ఏ ఊళ్లో దాచాను? రాన్నిలో చెప్పాను. అడూరులో చెప్పాను. కోళంచేరిలో వానలో తడుస్తూ చెప్పాను. తాగిన మైకంలో కన్నబిడ్డ చెవి పగలగొట్టిన పాపిని నేను, నన్ను కూడా ప్రభువు లేవనెత్తాడని చెప్పాను. జనం వెక్కివెక్కి ఏడ్చారు.”

“మీరూ ఏడుస్తారు. ఏ ఊరైనా సరే, సరిగ్గా ఆ మాట దగ్గరే.”

“వెటకారమా?”

“ముందు వరసలో కూర్చునేదాన్ని, నాకు తెలీదా? మీరు చెవి అనగానే పక్కనున్న ఆడవాళ్లు నా చెయ్యి పట్టుకుంటారు. ఎంత ఓర్పమ్మా నీది అంటారు. నేనూ కళ్లొత్తుకుంటా. బాగానే ఉంటుంది, అబద్ధమెందుకు.”

“మరింకేం? నీకూ బాగుంది, నాకూ బాగుంది.”

“దానికి బాగాలేదు. మీరు నీళ్లలో ఒక్క మునక వేసి పాతవన్నీ వదిలేశానన్నారు. వదిలేసింది ఎవరి నెత్తిన పడిందో వెనక్కి తిరిగి చూశారా? ఇవాళ చూశాను నేను. మనవరాలు ఎడమవైపు నుంచి అమ్మా అని పిలిచింది. బిన్సి పలకలేదు. ఆ పసిది గొడవేం చెయ్యలేదు అచ్చాయా. మెల్లిగా నడుచుకుంటూ కుడివైపుకొచ్చి మళ్లీ పిలిచింది. ఎవరూ నేర్పలేదట, దానంతటదే నేర్చుకుంది.”

“నేనేం చెయ్యను? క్షమించమని పెళ్లిపందిట్లో కాళ్లు పట్టుకోబోయానే! అదే వెనక్కి జరిగింది.”

“ఊరంతా చూస్తుంటే పట్టుకోబోయారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక్కసారి పేరు పెట్టి పిలిచారా?”

“దేవుడే క్షమించాక మధ్యలో అదెవరు?”

“దెబ్బలు తిన్నది అది. దేవుడు కాదు.”

“నోరు జారకు శోశమ్మా! సభకెళ్లే ముందు ఏంటీ మాటలు? అయినా నాకు ఆ రోజు సరిగ్గా గుర్తే లేదు. తాగినోడికి ఏం గుర్తుంటుంది?”

“నేను గుర్తు చేస్తాలెండి. ఏ వారం?”

“ఏ వారమైతే ఏంటి?”

“ఆదివారం.”

“అయితే ఆదివారమే అనుకో. ఆదివారం కల్లు దొరకదా?”

“అప్పుడు మనం ఈ సంఘంలో లేము, పాత గుడిలోనే ఉన్నాం. సండే స్కూలుకి మీరే పెద్ద. ఆ రోజు పిల్లలకి కంఠతా వాక్యాల పోటీ. బిషప్పుగారు వచ్చారు.”

“జీపు వచ్చే టైమైంది. చెప్పులెక్కడ?”

“గడప దగ్గరే ఉన్నాయి. ఎనిమిదేళ్ల పిల్ల. తెల్లగౌను నేనే కుట్టాను. నెల్లాళ్లు మీరే కూర్చోబెట్టి వల్లె వేయించారు. బిషప్పుగారి ముందు నిలబడి సగం చెప్పి ఆగిపోయింది. పాతవన్నీ పోయాయి, అంతా కొత్తదైపోయింది అనే ముక్క దానికి నోటికి రాలేదు. ఇప్పుడు మీరు ప్రతి సాక్ష్యమూ ఆ ముక్కతోనే మొదలుపెడతారు.”

“బిషప్పుగారు నవ్వారు. గుడంతా నవ్వింది. సండే స్కూలు పెద్ద కూతురు అని నవ్వింది.”

“గుర్తులేదన్నారుగా?”

“ఆ నవ్వు గుర్తుంది. మిగతాది గుర్తులేదు.”

“ఇంటికొచ్చారు. చెప్పులు కూడా విడవలేదు. ‘వాక్యం చెప్పు’ అని ఒకటి కొట్టారు. చెప్పలేదని ఇంకోటి. పిల్ల చెబుతానే ఉంది. ‘ఇప్పుడు గుర్తొచ్చింది అప్పచ్చా, ఇప్పుడు చెబుతా’ అంటానే ఉంది.”

“ఆపు.”

“నన్ను ఆపమంటున్నారు. ఆ రోజు మీ చెయ్యి ఆగిందా?”

“తాగి ఉన్నానే! తాగినోడి చెయ్యి వాడి మాట వింటుందా?”

“మీ చొక్కా విప్పి నానబెట్టింది నేను. గుడిలో వేసిన సాంబ్రాణి వాసన. ఇంకే వాసనా లేదు.”

“నువ్వు పొరబడి ఉంటావు. ఆ కంగారులో నీకేం తెలుస్తుంది?”

“ఆస్పత్రి నుంచి వచ్చాక, అప్పుడు వెళ్లారు కల్లు షాపుకి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వెళ్లారు. సండే స్కూలు సారు దారి తప్పి వచ్చాడేమోనని షాపువాడు లేచి నిలబడ్డాడట. ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.”

“మరి ఇన్నేళ్లూ నువ్వెందుకు నోరు విప్పలేదు?”

“డాక్టరుతో పనసచెట్టు మీంచి పడిందన్నాను. తర్వాత మీరు పూటుగా తాగడం మొదలెట్టారు. హమ్మయ్య అనుకున్నా. తాగి కొట్టాడని అందరికీ చెప్పుకున్నా. తాగుబోతు పెళ్లానికి ఊరంతా జాలిపడుతుంది అచ్చాయా. తాగకుండా, తెల్లబట్టలు కట్టుకుని కొట్టేవాడి పెళ్లాన్ని ఎవరు దగ్గరికి తీసుకుంటారు? మీ సాక్ష్యం మీకంటే ముందు నేనే చెప్పాను. పిల్ల ఆ అబద్ధం మనిద్దరి నోటా వింది. ఒక్క చెవితోనే వింది.”

“జీపు వచ్చినట్టుంది.”

“వినబడింది. నాకు రెండూ పనిచేస్తాయి.”

“బ్రదర్ ఉమ్మచ్చన్! స్తోత్రం! బయల్దేరదామా? పందిట్లో ఇసుకేస్తే రాలనంత జనం!”

“వస్తున్నా పాస్టరుగారూ, ఒక్క నిమిషం! శోశమ్మా, నీకు దణ్ణం పెడతా. ఈ పూటకి వదిలెయ్. బిన్సికి ఒంట్లో బాగాలేదని చెబుదాం.”

“అది ఈపాటికి బస్సు దిగే ఉంటుంది. ఆడవాళ్ల వైపు చిట్టచివర, కుడి చెవి స్పీకరు వైపు పెట్టుకుని కూర్చుంటానంది. తాగుడు మాట రాగానే లేచి వెళ్లిపోతుందట. ఇంక ఎప్పటికీ పిలవద్దంది.”

“చెబితే?”

“జరిగింది జరిగినట్టు చెబితే పైకొచ్చి మీ పక్కన నిలబడుతుంది. రేపు పిల్లని తీసుకుని ఇంటికొస్తానంది. నా దగ్గర నాలుగు రోజులు ఉంచుతానంది. నాకు అది కావాలి అచ్చాయా. ఇంకేం వద్దు.”

“అంతమందిలో ఎలా చెప్పనే? ప్రభువు నన్ను తాగుడు నుంచి విడిపించాడనేగా వాళ్లు ఊరూరా పిలుస్తోంది. మొన్నటికి మొన్న కల్లు మానేసి నా కాళ్ల దగ్గర పడి ఏడ్చినవాళ్లున్నారు. ఆ రోజు చుక్క కూడా ముట్టలేదని, ఒంటి మీద తెలివి ఉండే కొట్టానని చెబితే... మరి దేవుడు నన్ను దేన్నుంచి విడిపించినట్టు?”

“బ్రదర్! పాటలు మొదలయ్యాయి, రండి!”

“ఆ మాటే మైకులో అడగండి అచ్చాయా. బిన్సి పైకి వస్తుంది.”